కుడి ఇంజన్ పోయినప్పుడే ఎందుకు? ఏటీఆర్ 72-600 టైప్ రేటింగ్‌లో ఒక కేసు

కొత్తగా కమర్షియల్ లైసెన్స్ తెచ్చుకున్న పైలట్లు మొదటి టైప్ రేటింగ్ (ఒక నిర్దిష్ట రకం విమానం నడిపే అర్హత) అనగానే సిస్టమ్స్ పరీక్షకు భయపడతారు. నిజానికి ఆ పరీక్ష చదివితే వస్తుంది. రెండు ప్రొపెల్లర్ ఇంజన్ల ఏటీఆర్ విమానంలో కొత్తవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది టేకాఫ్ పరుగులో వీ1 (దాటితే ఇక టేకాఫ్ ఆపకూడని స్పీడు) దాటిన క్షణాన ఇంజన్ పోయే అభ్యాసం దగ్గర. సిమ్ (సిమ్యులేటర్) భాషలో వీ1 కట్. ఈ కేసు దాని గురించే. ట్రైనీని, అతని ఫ్లయింగ్ స్కూలును, శిక్షణ కేంద్రాన్ని గుర్తుపట్టగల వివరాలు తీసేశాను.

నేపథ్యం

ట్రైనీ వయసు ఇరవైల మొదట్లో ఉంటుంది. లైసెన్స్‌కు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగే 200 గంటలకు కాస్త పైన ఎగిరాడు. సింగిల్ ఇంజన్ గంటలన్నీ సెస్నా 172 మీద, మల్టీ ఇంజన్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ డైమండ్ డీఏ42 మీద. కో-పైలట్‌గా కుడి సీటుకు శిక్షణ. ఏటీఆర్ మన ప్రాంతానికి కొత్తది కాదు. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజున కడప–హైదరాబాద్ మధ్య ఎగిరింది ఏటీఆరే. ఇప్పుడు దేశంలో ఇండిగో, అలయన్స్ ఎయిర్, ఫ్లై91 72-600 నడుపుతున్నాయి.

గ్రౌండ్ స్కూల్లో అతనికి ఏ ఇబ్బందీ లేదు. ఈ విమానానికి ఏపీయూ (నేల మీద కరెంటు, గాలి ఇచ్చే చిన్న అదనపు ఇంజన్) లేదు. కుడి ఇంజన్ ప్రొపెల్లర్‌ను బ్రేకుతో ఆపి, ఇంజన్‌ను మాత్రం తిప్పుతూ నేల మీద కరెంటు, గాలి తీసుకుంటారు. దీన్నే హోటల్ మోడ్ అంటారు. ఆ మోడ్‌లో ఏసీ వైల్డ్ జనరేటర్ (ఫ్రీక్వెన్సీ స్థిరంగా ఉండని ఏసీ కరెంటు ఇచ్చేది) ఎందుకు పనిచేయదని అడిగితే, అది ప్రొపెల్లర్ గేర్‌బాక్స్ మీద ఉంటుంది, ప్రొపెల్లరే ఆగి ఉంది కదా అని కారణంతో సహా చెప్పాడు. ఇంజన్ స్టార్ట్‌లో ఎన్‌హెచ్ (ఇంజన్ లోపలి హై ప్రెషర్ భాగం తిరిగే వేగం) 10 శాతం దగ్గర, ప్రొపెల్లర్‌ను, ఇంధనాన్ని అదుపు చేసే కండిషన్ లివర్‌ను ఫెదర్‌కు (బ్లేడ్లు గాలికి అడ్డురాకుండా తిరిగే స్థానానికి) తేవడం, ఐటీటీ (ఇంజన్ లోపలి ఉష్ణోగ్రత) పెరుగుదల చూడటం, 45 శాతం దగ్గర స్టార్టర్ వదిలిందని నిర్ధారించడం ప్రొసీజర్ ట్రైనర్‌లో ఒక్కసారి కూడా తప్పలేదు.

అతను వచ్చిన దారిలో ఒక్క విషయం మాత్రం ముందే గమనించాల్సింది. డీఏ42లో ఇంజన్‌కు ఒక్క లివరే ఉంటుంది, మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది. ప్రొపెల్లర్‌ను ఫెదర్ చేయాలంటే ఆ ఇంజన్ మాస్టర్ స్విచ్ ఆపాలి. అంటే పవర్ లివర్, కండిషన్ లివర్ అని రెండు జతలు పక్కపక్కన ఉండే పెడస్టల్ (పైలట్ల మధ్యనుండే లివర్ల దిమ్మ) అతను ఎప్పుడూ చూడలేదు. శక్తిలో తేడా ఇంకా పెద్దది. డీఏ42 ఇంజన్ ఒక్కోటి 200 హార్స్‌పవర్‌కు లోపే. ఏటీఆర్‌లో పీడబ్ల్యూ127ఎం టేకాఫ్‌లో 2,475 ఇస్తుంది. పైగా చిన్న ట్విన్‌లో ఇంజన్ ఫెయిల్యూర్‌ను భద్రత కోసం తగినంత ఎత్తులోనే చేయిస్తారు. చక్రాలు రన్‌వే మీద ఉండగా విమానం పక్కకు లాగడం ఎలా ఉంటుందో అతని కాళ్లకు తెలియదు.

సమస్య

సిమ్ స్లాట్ సాధారణంగా నాలుగు గంటలు, జంటగా. రెండు గంటలు పైలట్ ఫ్లయింగ్‌గా, రెండు గంటలు పైలట్ మానిటరింగ్‌గా. మొదటి సెషన్లు, అంటే మామూలు టేకాఫ్‌లు, స్టాల్ రికవరీ, రెండు ఇంజన్లతో ఐఎల్‌ఎస్ (రేడియో సంకేతాల సాయంతో రన్‌వేకు దిగడం), సజావుగా గడిచాయి. వీ1 కట్‌లు మొదలుపెట్టిన సెషన్‌లో చిత్రం మారిపోయింది. విమానం సెంటర్‌లైన్ వదిలి పక్కకు జారడం, లేచాక హెడింగ్ 15 నుంచి 20 డిగ్రీలు తిరిగిపోవడం, దాన్ని ఆపడానికి యోక్ (విమానాన్ని పక్కలకు వాల్చే చేతి చక్రం) నిండా తిప్పడం, స్పీడు వీ2 (ఒక ఇంజన్‌తో భద్రంగా ఎక్కడానికి కావాల్సిన స్పీడు) కిందికి పడటం వరసగా కనబడ్డాయి. ఐరోపా స్కిల్ టెస్ట్ ప్రమాణాల్లో ఇంజన్ పోయినప్పుడు హెడింగ్‌కు 10 డిగ్రీలు, స్పీడుకు పైకి 10 నాట్లు, కిందికి 5 నాట్లు మాత్రమే సడలింపు ఉంటుంది. అతను ఆ హద్దులకు చాలా బయట ఉన్నాడు.

యోక్ తిప్పితే ఏమవుతుందన్నది ఏటీఆర్‌లో మరీ ముఖ్యం. ఎయిలరాన్ (యోక్‌తో కదిలే రెక్క చివరి పలక) కొద్ది డిగ్రీలు దాటగానే ఆ వైపు రెక్క మీద స్పాయిలర్ అనే పలక లేస్తుంది. లిఫ్ట్ పోతుంది, డ్రాగ్ పెరుగుతుంది. రెండు ఇంజన్ల రవాణా విమానానికి ఒక ఇంజన్‌తో రెండో సెగ్మెంట్‌లో (చక్రాలు మడిచాక ఎక్కే దశలో) సర్టిఫికేషన్ అడిగే కనీస ఎక్కుడు 2.4 శాతం. 110 నాట్ల వద్ద అది నిమిషానికి సుమారు 270 అడుగులు. మే నెలలో నలభై దాటిన ఎండలో, బరువు పరిమితి అంచున బయల్దేరిన రోజున చేతిలో ఉండే మార్జిన్ అంతే. స్పాయిలర్ లేచి ఉంటే అందులో ఎంత మిగులుతుందో లెక్కవేసుకోవచ్చు.

ఇద్దరు ముగ్గురు ఇన్‌స్ట్రక్టర్లు ఫైల్లో రాసింది దాదాపు ఒకటే (రడ్డర్ అంటే కాలి పెడల్స్‌తో కదిలే తోక పలక, ముక్కును పక్కలకు తిప్పేది): "రడ్డర్ ఆలస్యం, సరిపోవడం లేదు. ఇంకా ప్రాక్టీస్ కావాలి."

మొదట చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

మొదటి మందు ఎప్పటిలాగే పునరావృతం. సిమ్‌ను రన్‌వే మొదటికి తెచ్చి, వరసగా వీ1 కట్‌లు. నాలుగోదానికి బాగుపడ్డట్టే కనిపించింది. కారణం, వరస అతనికి తెలిసిపోయింది. ఎడమ, ఎడమ, కుడి అనే లయను కాళ్లు ముందే ఊహించాయి. తర్వాతి సెషన్‌లో వరస చెదరగొట్టి, మధ్యలో ఏ ఫెయిల్యూర్ లేని టేకాఫ్‌లు కూడా కలిపితే మళ్లీ మొదటికొచ్చింది. అలసిపోయిన కాళ్లతో చేసిన చివరి రెండు మొదటివాటికన్నా ఘోరం. తప్పు ఎక్కడుందో తేలకుండా అదే పని పదేపదే చేయిస్తే ట్రైనీ ఆ తప్పునే గట్టిగా నేర్చుకుంటాడు.

రెండోది, "డెడ్ లెగ్, డెడ్ ఇంజన్" అన్న పాత సూత్రం గుర్తుచేయడం. పనిలేని కాలు ఏ వైపో, ఆ వైపు ఇంజన్ పోయిందని అర్థం. సూత్రం మంచిదే. కానీ అది ఇంజన్‌ను గుర్తుపట్టడానికి పెట్టింది. కాలు అప్పటికే సరైన చోట ఉంటేనే అది పనికొస్తుంది. అతను తలకిందులుగా వాడాడు. ముందు ఇంజన్ డిస్‌ప్లేలో టార్క్ (ఇంజన్ తిప్పే బలం) చూసి, పోయింది రెండోది అనుకుని, రెండోది అంటే కుడి, అందుకని ఎడమ కాలు అని తర్జుమా చేసుకున్నాక తొక్కేవాడు. బుర్ర చురుకైనది కాబట్టి ఇదంతా రెండు సెకన్లలో అయిపోయేది. రన్‌వే మీద రెండు సెకన్లు చాలా ఎక్కువ.

మూడోది, పనిభారం తగ్గిద్దామని లేచిన వెంటనే ఆటోపైలట్ పెట్టించడం. దీన్ని ప్రయత్నించకపోతేనే బాగుండేది. ఏటీఆర్‌లో ఆటోథ్రాటిల్ లేదు. ఆటోపైలట్ కూడా అసమాన థ్రస్ట్‌ను రడ్డర్‌తో పూర్తిగా సరిచేసి పెట్టదు, ట్రిమ్ (కాలు తొక్కకుండానే రడ్డర్‌ను నిలిపే సర్దుబాటు) పైలటే ఇవ్వాలి. బాల్ (విమానం పక్కకు జారుతోందో చూపే సూచిక) మధ్యలో లేకుండా ఆటోపైలట్ కలిపితే అది ఎయిలరాన్‌తో మోస్తుంది. కాసేపటికి ఎయిలరాన్ మిస్‌ట్రిమ్ హెచ్చరిక వచ్చింది. దాన్ని చూసి అతను ఆటోపైలట్ విప్పితే విమానం ఒక్కసారిగా వాలింది. సమస్య కనబడకుండా దాక్కుని, పది సెకన్ల తర్వాత ఇంకా పెద్దదై వచ్చింది.

గ్రాఫ్ చెప్పింది

మలుపు తిప్పింది రీప్లే. సిమ్‌లో పెడల్ స్థానం, హెడింగ్, టార్క్ మూడూ కాలంతో గీసి చూడొచ్చు. ఎడమ ఫెయిల్యూర్లను ఒకచోట, కుడి ఫెయిల్యూర్లను మరోచోట పెట్టి చూస్తే రెండూ ఒకే తప్పు కాదని తేలింది. ఎడమ ఇంజన్ పోయినప్పుడు అతని కాలు వెంటనే కదులుతోంది, కానీ చాలినంత తొక్కడం లేదు. కుడి ఇంజన్ పోయినప్పుడు పెడల్ ముందు కాస్త కుడికే వెళ్లి, ఆగి, ఆ తర్వాత ఎడమకు వస్తోంది. అతనే అన్నాడు: "సర్, కుడి ఇంజన్ పోయినప్పుడు నా కాలు ఎందుకో ముందు కుడికే పోతోంది. తెలుస్తూనే ఉంది, ఆగడం లేదు."

దీనికి కారణం విమానంలోనే ఉంది. వెనక నుంచి చూస్తే ఏటీఆర్ రెండు ప్రొపెల్లర్లూ సవ్యదిశలో తిరుగుతాయి. ఎడమ ఇంజన్ క్రిటికల్ (పోతే అదుపు ఎక్కువ కష్టమయ్యే ఇంజన్) అవ్వడానికీ, మామూలు టేకాఫ్‌లో కూడా ముక్కు ఎడమకు లాగడానికీ అదే మూలం. పైలట్ మొదటి నుంచీ కొంత కుడి పెడల్ తొక్కి ఉంచుతాడు. ఎడమది పోతే అదే కాలు ఇంకా తొక్కాలి. కుడిది పోతే తొక్కుతున్న కాలు వదిలి రెండోది తొక్కాలి. దిశ మార్చాల్సి వచ్చిన చోట అతను ఆలస్యమయ్యాడు. ఎక్కువ బలం కావాల్సిన చోట తక్కువయ్యాడు. ఫైల్లోని "రడ్డర్ ఆలస్యం, సరిపోవడం లేదు" అన్న ఒకే వాక్యంలో రెండు వేర్వేరు జబ్బులు కలిసిపోయాయి.

కాళ్లు ఆలస్యం కావడానికి ఇంకో కారణం కుడి సీటు. 70 నాట్ల దాకా ముక్కు చక్రాన్ని ఎడమ సీటులోని కెప్టెన్ టిల్లర్ అనే చిన్న చేతి పిడితో తిప్పుతాడు. 70 నాట్లన్న పిలుపు తర్వాతే కంట్రోల్స్ పూర్తిగా కుడి సీటుకు వస్తాయి. అక్కడి నుంచి వీ1కు మిగిలేది కొద్ది సెకన్లే. మామూలు బరువుల్లో రొటేషన్ (ముక్కు లేపే) స్పీడు సుమారు 105 నుంచి 115 నాట్ల మధ్య ఉంటుంది, వీ1 తరచూ దానితో సమానం. 70 దాకా ఇతని కాళ్లు పెడల్స్ మీద ఊరికే ఆని ఉండేవి. పిలుపు విన్నాక "మేల్కొనేవి".

చివరిది సీటు. సెస్నా అలవాటుతో సీటు వెనక్కి పెట్టుకుని కూర్చునేవాడు. కుడి పెడల్ చివరిదాకా తొక్కమంటే మోకాలు పూర్తిగా చాచినా ఇంకొంచెం మిగిలింది. ఎడమ ఫెయిల్యూర్‌లో చాలినంత తొక్కకపోవడంలో సగం వాటా దీనిదే.

పనిచేసినవి

అన్నిటికన్నా ముందు సీటు. మధ్య స్తంభం మీది గుర్తుతో కళ్ల ఎత్తు సరిచేసుకోవడం, తర్వాత పెడల్స్ జరపడం, ఆపైన రెండు వైపులా చివరిదాకా తొక్కి అదే స్థితిలో కాలి వేళ్లతో బ్రేకు అందుతుందో లేదో చూడటం. కొత్తవాళ్లు ఈ వరసను తిప్పేస్తారు. ముందు పెడల్స్ సర్దుకుని తర్వాత సీటు జరిపితే పెడల్స్ మళ్లీ తప్పిపోతాయి.

తర్వాత రన్‌వే వదిలి గాల్లోకి వెళ్లాం. 5,000 అడుగుల దగ్గర లెవెల్‌లో పెట్టి, ఒక పవర్ లివర్‌ను నెమ్మదిగా ఫ్లైట్ ఐడిల్‌కు లాగి, హెడింగ్‌ను కాళ్లతో మాత్రమే నిలపమన్నాం. ఇంజన్ డిస్‌ప్లేను కాగితంతో మూసేశాం. ఏ ఇంజనో చెప్పనవసరం లేదు, ముక్కు ఎటు జారితే దానికి ఎదురు కాలు, అంతే. లివర్‌ను మొదట పది సెకన్లలో, తర్వాత ఐదులో, ఆపైన ఒక్కసారిగా లాగాం. వీ1 కట్‌లో వేగం ఒక అడ్డంకి, దిశ మరో అడ్డంకి. రెంటినీ విడదీసి దిశ ముందు నేర్పాలన్నది ఇక్కడి ఆలోచన. పేర్లు, సంఖ్యలు చూసి తర్జుమా చేసే అలవాటు తప్పించడానికి కాగితంకన్నా మంచి సాధనం దొరకలేదు.

మూడో మెట్టు రన్‌వే మీదే, కానీ లేవకుండా. సిమ్‌లో పొడవైన రన్‌వే పెట్టి, 90 నాట్ల దగ్గర రెండు పవర్ లివర్లను కొంచెం అటూ ఇటూ చేస్తూ సెంటర్‌లైన్ నిలపడం. నిజమైన విమానంలో చేయలేనిది ఇది, సిమ్ ఉన్నదే ఇందుకు. బ్రేకులు వదిలినప్పటి నుంచే కాళ్లను సన్నగా ఆడిస్తూ ఉండమన్నాం. 70 పిలుపు వినేసరికి ఏ కాలు ఎంత మోస్తోందో అతనికి తెలిసి ఉండాలి.

నాలుగోది ఏటీపీసీఎస్‌ను, అంటే టేకాఫ్‌లో ఇంజన్ పోతే దానంతటదే స్పందించే వ్యవస్థను, కాలితో అర్థం చేసుకోవడం. ఈ భాగాన్ని అతను పరీక్షలో పొల్లుపోకుండా రాశాడు. పెడల్ మీద మాత్రం దాని సంగతి తెలియదు. టార్క్ 18 శాతం కిందికి పడగానే బతికున్న ఇంజన్‌కు అప్‌ట్రిమ్ (శక్తి పెంచే ఆదేశం) వెళ్తుంది, దాని టార్క్ 90 నుంచి 100 శాతం వైపు పెరుగుతుంది. 2.15 సెకన్ల తర్వాత పోయిన ఇంజన్ ప్రొపెల్లర్ ఆటోఫెదర్ అవుతుంది. అందాకా ఆ ప్రొపెల్లర్ గాలికి తిరుగుతూ పళ్లెంలా అడ్డుపడుతుంది, ఫెదర్ కాగానే ఆ డ్రాగ్ చాలావరకు పోతుంది. ఫలితంగా కాలి అవసరం స్థిరంగా ఉండదు. మొదట చాలా ఎక్కువ, రెండు సెకన్లు గడిచాక కొంత తక్కువ, స్పీడు మారితే మళ్లీ వేరు. ఇతను "ఇంత తొక్కాలి" అని ఒక కొలత పెట్టుకుని అక్కడే కాలు బిగించేవాడు. ఫెదర్ అయ్యాక అది ఎక్కువై ముక్కు ఎదురు దిక్కుకు తిరిగేది. దాన్ని యోక్‌తో దిద్దేవాడు, స్పాయిలర్ లేచేది. తర్వాత లక్ష్యం మార్చాం: పెడల్ ఎంత అన్నది వదిలెయ్, హెడింగ్ కదలకూడదు, యోక్ దాదాపు నిటారుగా ఉండాలి. యోక్ వాలి ఉంటే కాలు తప్పులో ఉన్నట్టే.

రొటేషన్ గురించి ఒక మాట. ముక్కు నిలవకుండానే వీఆర్ (రొటేషన్ స్పీడు) పిలుపు వచ్చిందని గబుక్కున లేపేవాడు. చక్రాల పట్టు పోగానే అదుపు ఇంకా కష్టం. ముందు ముక్కును నిలిపి, ఆ తర్వాత నింపాదిగా లేపమన్నాం. ఒక సెకను ఆలస్యం వల్ల పోయేది తక్కువ, తిరుగుతున్న ముక్కుతో లేస్తే పోయేది చాలా.

లివర్ల తొందర

కాళ్లు దారిలో పడ్డాక రెండో సమస్య బయటపడింది. విమానం నిలవగానే చేయి పెడస్టల్ మీదికి పరుగెత్తేది. ఒకసారి పోయిన ఇంజన్‌ది కాకుండా రెండోదాని పవర్ లివర్ పట్టుకున్నాడు. పక్కనున్నవాడు ఆపాడు.

తైపేలో 2015 ఫిబ్రవరి 4న ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ 72-600కు జరిగింది ఇదే. సుమారు 1,200 అడుగుల దగ్గర రెండో ఇంజన్ ఉన్నట్టుండి ఆటోఫెదర్ అయింది. సిబ్బంది బాగున్న మొదటి ఇంజన్ పవర్ తగ్గించి, చివరికి దాన్నే ఆపేశారు. 58 మందిలో 43 మంది చనిపోయారు. 2023 జనవరి 15న పోఖరాలో యేతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ 72-500లో ఫ్లాప్ లివర్ బదులు కండిషన్ లివర్లు రెండూ ఫెదర్‌కు వెళ్లాయి. 72 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఆ లివర్లు కదిపింది కొత్తవాడు కాదు, ఇన్‌స్ట్రక్టర్ స్థాయి పైలట్. ఒకే లివర్ ఉన్న డీఏ42 నుంచి వచ్చినవాడికి ఈ రెండు ఘటనలూ తప్పకుండా కూర్చోబెట్టి చెప్పాలి, భయపెట్టడానికి కాదు, ఏ లివర్ ఎక్కడుందో చేతికి అలవాటు కావడానికి.

చేసింది ఇది. పాజిటివ్ క్లైంబ్, గేర్ అప్ తప్ప 400 అడుగుల దాకా చేతులు ఏదీ ముట్టకూడదు. పైలట్ మానిటరింగ్ చూసింది చదువుతాడు: ఏ ఇంజన్, అప్‌ట్రిమ్ వచ్చిందా, ఆటోఫెదర్ అయ్యిందా. ట్రిమ్ ఇచ్చి కాలి బరువు తగ్గించుకోవాలి. కంపెనీ నిర్ణయించిన యాక్సిలరేషన్ ఎత్తులో లెవెల్ చేసి, స్పీడు పెంచి, ఫ్లాప్స్ తీసి, పవర్ మేనేజ్‌మెంట్ సెలెక్టర్ ఎంసీటీకి (ఆగకుండా వాడగల గరిష్ఠ పవర్‌కు) తిప్పాకే లివర్ల పని. పవర్ లివర్ మీద చెయ్యి పెట్టి "పవర్ లివర్ రెండు" అనాలి, అవతలివాడు కళ్లతో చూసి "రెండు, కన్ఫర్మ్" అన్నాకే కదపాలి. కండిషన్ లివర్‌కు మళ్లీ అదంతా: ముందు ఫెదర్, ఆగి, ఆపైన ఫ్యుయెల్ షట్ ఆఫ్. జంట పైలట్‌తో రహస్యంగా మాట్లాడుకుని అప్పుడప్పుడు కావాలనే జవాబు ఆలస్యం చేయించాం, జవాబు రాకముందే చెయ్యి కదులుతుందో లేదో చూద్దామని. మొదట కదిలింది. తర్వాత ఆగింది.

ఫలితం

ఒక అదనపు సెషన్ పట్టింది. అదనపు సెషన్ అంటే ట్రైనీకి డబ్బు, పేరు రెండూ పోతాయన్న భయం ఉంటుంది, అందుకే కాళ్ల సంగతి అతను అంతకుముందు నోరు విప్పి చెప్పలేదు. చెప్పి ఉంటే గ్రాఫ్ దాకా వెళ్లనవసరం లేకపోయేది. ఇన్‌స్ట్రక్టర్ వైపు నుంచి చూస్తే, "ఇంకా ప్రాక్టీస్" అని రాసే ముందు "ఏ వైపు, ఏ సెకనులో, ఎంత" అని రాసి ఉంటే రెండు సెషన్లు మిగిలేవి.

స్కిల్ టెస్ట్‌లో రెండు వైపుల ఫెయిల్యూర్లూ హద్దుల్లోనే ఉన్నాయి, కుడివైపుది అంచుకు దగ్గరగా. తర్వాత అసలు విమానంలో సర్క్యూట్లు. ఇంత తక్కువ అనుభవం ఉన్నవాళ్లకు సిమ్ ఒక్కటే చాలదు. అక్కడ ఊహించని లాభం కనిపించింది. ల్యాండింగ్ ఫ్లేర్‌లో (నేల తాకే ముందు ముక్కు కొద్దిగా లేపే చోట) పవర్ తీసేటప్పుడు ఏటీఆర్ ముక్కు పక్కకు పోతుంది, ఆరు బ్లేడ్ల ప్రొపెల్లర్లు రెండూ బ్రేకులా పనిచేసి స్పీడు కూడా గబుక్కున పడిపోతుంది. జెట్ లాగా ఐడిల్‌కు లాగేసి తేలడం కుదరదు. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు, అతని కాళ్లు మాత్రం అప్పటికే మేల్కొని ఉన్నాయి.

పూర్తిగా పోనిది ఒకటుంది. రెండు గంటలు మానిటరింగ్ చేసి అలసిపోయాక ఫ్లయింగ్ చేస్తే కుడి ఫెయిల్యూర్‌లో కాలు మళ్లీ కొంచెం ఆలస్యమవుతోంది. లైన్ ట్రైనింగ్ కెప్టెన్‌కు వెళ్లిన ఫైల్లో అది అలాగే రాసి ఉంది. ఆరు నెలల ప్రొఫిషెన్సీ చెక్‌లో మొదటి వీ1 కట్ కుడివైపుదే ఇవ్వాలని, అదీ స్లాట్ రెండో సగంలో ఇవ్వాలని, రీప్లేలో పెడల్ గ్రాఫ్ తప్పక తీసి చూడాలని.